కండ్లు మూసుకొని బ్యాటు పట్టున్రి!

బాల్‌ను బ్యాటుతోని కొట్టుడు శానా పాతకాలపు పద్ధతి. ఇంక చెప్పాల్నంటే జంగ్లీ పద్ధతి! నాగరికత ఉన్నోడెవడన్న బాల్‌ను మనసుతోని కొడ్తడు.

నవ్వకున్రి. నేను మజాక్ చేస్తలేను. మీ పిలగాడు బ్యాటు పట్టుకుంటుండా? కొడుతుండా? బాల్ గోడ దాటి పోతున్నదా? అయ్యో పాపం! ఇప్పటికైనా మించిపోలే, ఆపున్రి. ఏం ఆలోచన లేకుంట బాల్ కొట్టేటోడు రేపు ఏం ఆలోచన లేకుంట లెక్కలు చేస్తడు. ఏం ఆలోచన లేకుంట నౌకరీ సంపాయిస్తడు. ఏం ఆలోచన లేకుంట కడుపునిండ తిని కంటినిండ నిద్రపోతడు. గదీ ఒక బతుకేనా?

గందుకే పిల్లలకు మెంటల్ కోచింగు కావాలె. నేను గీ మాట మొట్టమొదటిసారి ఇంట్ల అన్ననాడు మా నాయిన లేశి నా నొసలు పట్టి చూశిండు. జొరం లేదు. ఆయన ఇంక పరేషాన్ అయిండు.

నేనెవరినో జర చెప్తే మంచిది. మా నాయిన రామచందర్ సేటుకు మానుకోట స్టేషన్ రోడ్డు మీద కిరాణా దుకాణమున్నది. గా బోర్డుల మీద మహబూబాబాద్ అని రాసుంటది గని మేమంత మానుకోటనే అంటం. నేను చిన్నప్పటిసంది హైదరాబాద్‌ల మా మేనమామ ఇంట్ల ఉండి కాన్వెంటుల చదివిన. బి.ఏ. అయినంక, గీ ఎనభై ఆరు ఎండకాలంల, ఇంటికొచ్చిన. నౌకరీ లేదు. గని నా తాన ఒక పుస్తకమున్నది! ఆబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన ఇంగ్లీషు పుస్తకం. అమెరికా పోరగాండ్లకు బేస్‌బాల్‌ల బ్యాటింగు ఎట్ల నేర్పాల్నో మొత్తం అండ్లున్నది.

మొత్తం అంటే, ముందటి సగం ఊడిపోయింది. బ్యాటు ఎట్ల పట్టాలె, కాళ్లు ఎక్కడ పెట్టాలె, చూపు ఎటుండాలె, గసొంటి పనికిరాని ముచ్చట్లన్ని ఊడిపోయిన పేజీలల్ల పోయినయ్. బ్యాటు పట్టేటోని మనసు గురించిన సగం మాత్రం ఒక్క పేజీ చినగకుంట నా చేతికొచ్చింది. ఇంతకంటె అదృష్టముంటదా!

గప్పుడే మా మానుకోట హైస్కూలుకు జిల్లా నుంచి ఒక పెద్ద డబ్బా వచ్చింది. ఇప్పితే రెండు బ్యాట్లు, కొన్ని బాళ్లు, కొన్ని తోలు గ్లౌజులు. ఈశ్వరయ్య సారని మా డ్రిల్ సారు. కబడ్డీ తప్ప ఏ ఆటనూ ఆటనని ఒప్పుకోడు. ఆయన బ్యాటు లేపి చూశి, గీ రోకలికి ఇంక జర బరువుంటే మంచిగుంటుండె అన్నడు. ఇగ గ్లౌజులు చూశిండు. అన్నీ ఒక్క ఎడమ చేతివే. కుడిచేతి గ్లౌజులు తోవల ఎవడో కొట్టేశిండని ఆయన హన్మకొండకు కంప్లెయింటు రాశిండు. బేస్‌బాల్‌ల ఒక్క చేతికే గ్లౌజు ఉంటదని నేను చెప్పంగనే ఆయన నా దిక్కు తిరిగి, "హైదరాబాద్‌ల చదివినోనివి, ఇంగ్లీషు పుస్తకమున్నోనివి, ఇగ ఈ లొల్లంత నీదే" అన్నడు. గట్ల నేను కోచునైన.

ఆట ఏందో తెల్వనోళ్లకు ఒక్క ముక్కల చెప్త. ఒకడు బాల్ ఇసురుతడు, ఒకడు బ్యాటుతోని కొట్టి నాలుగు మూలల పెట్టిన బేసులెంబడి ఉరుకుతడు. మూడుమాట్ల తప్పితే ఔటు. గంతే. ఉరుకుడు నేర్పే పని ఈశ్వరయ్య సారు తన తాన ఉంచుకున్నడు. ఆయన అరవై తొమ్మిది ఉద్యమంల కాలేజీ పోరడు. లాఠీలు లేపంగనే వరంగల్ గల్లీలల్ల ఎట్ల ఉరికిండో అదే పిల్లలకు నేర్పిండు. ఎనకకు చూడొద్దు, చెప్పు ఊడితే ఇడిసిపెట్టు, సందు కనవడితే మలుగు. మా టీముల సగం మంది మొదటి బేసుకాడ సందు చూశి మలిగి సీదా ఇంటికి పోయేటోళ్లు.

ఇగ రాజమల్లు ముచ్చట.

వీడు వడ్ల గంజుల హమాలీ వీరస్వామన్న కొడుకు, తొమ్మిదో తరగతి. నేను రాకముందే బ్యాటు పట్టిండు. నేర్పినోడు లేడు, చెప్పినోడు లేడు. చిర్రగోనె, గదే గిల్లిదండ, ఆడిన చెయ్యి. బాల్ ఎటునుంచి ఎట్లొచ్చినా సరే, గ్రౌండు పక్కన రైలు పట్టాల అవతల పడేది. ఒక బాలైతే నడుస్తున్న గూడ్సు బండిల పడి డోర్నకల్ దిక్కు పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. నాకు మాత్రం గుండెల రాయి పడ్డది. ఇంత టాలెంటు, ఏ ఆలోచన లేకుంట!

పిలిచి కూసోబెట్టి అడిగిన. కొట్టేటప్పుడు నీ మనసుల ఏముంటదిరా అన్న.

"కొట్టేటప్పుడా సార్?" వాడు శానాసేపు నెత్తి గోక్కున్నడు. "బాల్."

ఇంకేముంటది అన్న.

"బాల్ వస్తది సార్. కొడ్త."

చూశిన్రా? గాలికి పెరిగిన మనసు! ఆ దినం నాకు అన్నం సయించలే.

పైంగ వాని విషయంల తమాషా చేసే టైము గాదు. దసరా సెలవుల ముందట హన్మకొండ నుంచి సెలెక్టరు సారు వస్తుండు, మానుకోటకూ కురవికీ మ్యాచి పెట్టి చూస్తడు. జిల్లా టీముల పేరొస్తే హన్మకొండల హాస్టల్ సీటు, రెండు పూటల తిండి, చదువు. రాకుంటే? వీరస్వామన్న సాఫ్ సీదా చెప్పిండు. ఇంట్ల తినే నోళ్లు ఎక్కువున్నయ్, సీటు రాకుంటే దసరా కాంగనే పోరడు నా ఎంబడి గంజుకొచ్చి బస్తాలు మోస్తడు అన్నడు. కోపంతోని అనలే. భుజం మీది రుమాలు సర్దుకుంట అన్నడు.

ఇప్పుడు మీరే చెప్పున్రి. మంచిగ కొడుతున్న పిలగాడు. ఒక్క మ్యాచి మీద బతుకు ఆధారపడ్డది. ఇసొంటప్పుడు చదువుకున్నోడు ఎవడన్న వాని మానాన వాన్ని ఇడిసిపెడ్తడా?

నేను ఇడిసిపెట్టలే!

ముందుగాల బాళ్లన్ని తీసి అల్మారిల పెట్టి తాళమేశిన. కండ్లముందట బాల్ ఉంటే మనసు మీద ధ్యాస ఎట్ల కుదురుతది? పిల్లలందరినీ ఎండల కూసోబెట్టి కండ్లు మూయించిన. ముక్కుతోని పీల్చున్రి, నోటితోని ఇడువున్రి అన్న. బాల్ వస్తున్నట్టు, మీరు కొట్టినట్టు లోపల బొమ్మ చూడున్రి అన్న. 'నాతోని అయితది, నాతోని అయితది' అని మెల్లగ అనుకోమన్న. సగం మంది నిద్రపోయిన్రు. ఒకడు ఉన్నట్టుండి ఎక్కెక్కి ఏడుస్తుండు. ఏమైందిరా అంటే, నేను కొట్టిన బాల్ పోయి హెడ్మాస్టరు సారు అద్దానికి తగిలింది సార్ అన్నడు. గది కోచింగంటే! ఉత్త ఆలోచనతోనే అద్దం పగిలింది!

రాజమల్లుకు స్పెషల్ క్లాసు. పుస్తకంల ఒక పాఠమున్నది, ఓటమిని మర్చిపోవుడు ఎట్ల అని. ఓటమిని మర్చిపో రాజమల్లూ అన్న. ఏ ఓటమి సార్ అన్నడు. నేను ఆగమైన. మర్చిపోవుడు నేర్పాల్నంటే యాదుండేటిది ఒకటన్న ఉండాలె గద! వీనికి తప్పిన యాదే లేదు. నా పాఠం ఎట్ల ముందుకువోవాలె?

ఏం ఫికర్ లేదు. నా కోచింగు కొద్దిరోజులకే ఫలించింది. అల్మారి తీసి బాల్ ఏపిస్తే రాజమల్లు తప్పిండు. మల్ల ఏపిస్తే మల్ల తప్పిండు. నాకెంత ఖుషీ అయిందంటే, ఉరికి పోయి వాన్ని అలుముకున్న. ఇగ ఇప్పుడు మర్చిపోరా అన్న. వాడు మర్చిపోలే. పొద్దుందాక గదే యాద్‌జేసుకుంట కూసున్నడు. మనసు లేనోనికి మనసు తెప్పిచ్చిన!

ఒకనాడు వాళ్ల నాయినమ్మ గట్టమ్మవ్వ మా దుకాణం కాడికొచ్చింది. బెల్లానికో చాపత్తకో అనుకున్న. ఆమె మా నాయినను పక్కకు జరుగుమని నా ముందట నిలవడ్డది.

"కొడుకా, మా పోరడు అన్నం ముద్ద చేతుల పట్టుకొని కండ్లు మూస్తుండు. ముద్దకు మొక్కుతుండా, దానితోని కొట్లాడుతుండా తెలుస్తలేదు. కూర సల్లారిపోతున్నది."

బోరింగు కాడ గూడ గంతేనట. బిందె పెట్టి, హ్యాండిల్ పట్టి, కండ్లు మూసి ఊపిరి పీలుస్తడట. ఎనక లైన్ల ఉన్న ఆడోళ్లు తిట్టే తిట్లు ఇనలేకపోతున్న అన్నది. అవ్వా, దాన్నే కాన్సంట్రేషన్ అంటరు అన్న. ఆమె, గది తగ్గాల్నంటే దవాఖానకు తీస్కపోవాల్నా, కురవి వీరన్న గుడి కాడికి తీస్కపోవాల్నా అని అడిగింది. నేను నవ్విన. సదువు లేనోళ్లు, ఏం జేస్తం!

మ్యాచి దినం రానే వచ్చింది. గ్రౌండు చుట్టూ జనం. కురవి బడి పిల్లలు ఎడ్లబండ్ల మీద దిగిన్రు. సెలెక్టరు సారు సఫారీ డ్రెస్సుల కుర్చీల కూసొని, సాయంత్రం ప్యాసింజరుకు పోవాలె, జల్ది కానియ్యున్రి అన్నడు. కురవి తరఫున బాల్ ఏసేటోడు భద్రు అని తండా పిలగాడు. సన్నగుంటడు గని చెయ్యి కొరడ లెక్క.

మొదటిసారి రాజమల్లు బ్యాటు పట్టిండు. కండ్లు మూసిండు. ఊపిరి పీల్చిండు. బొమ్మ చూసుడు షురూ జేశిండు. గీ లోపట భద్రు మూడు బాళ్లు ఏసుడు, అంపైరు ఈశ్వరయ్య సారు ఔటనుడు గూడ అయిపోయింది. వీడు ఇంకా బొమ్మలనే ఉన్నడు. అడిగితే, బొమ్మల మూడూ పట్టాలవతల పడ్డయ్ సార్ అన్నడు!

రెండోసారి కండ్లు తెరిచే ఉంచిండు. గందుకే నేను లైను కాడ నిలవడి సాయం పట్టిన. భుజం వదులు చెయ్యి! ఊపిరి ఇడువు! ఇందాకటిది మర్చిపో! హాస్టల్ గురించి అస్సలే ఆలోచించకు! గంజుల బస్తాలు యాద్‌కు తెచ్చుకోకు! మీ నాయిన ఎనకనే నిలవడి చూస్తుండని మనసుల పెట్టుకోకు! ఇంత చెప్పినా సూడున్రి, ఔటే అయిండు.

ఇగ ఆఖరు చాన్సు. సెలెక్టరు సారు గడియారం చూసుకుంటుండు. వీరస్వామన్న రుమాలు తీశి మొఖం తుడుసుకుంటుండు. నేను రాజమల్లు చెవుల చెప్పిన, బేటా, ఇప్పటిదాక నేర్పింది మొత్తం ఒక్కసారే చెయ్యి, ఏదీ ఇడువకు అని.

వాడు పోయి నిలవడ్డడు. పాపం, చెప్పింది చెప్పినట్టు చేశిండు. కండ్లు గట్టిగ మూసిండు. ముక్కుతోని పీల్చి నోటితోని ఇడువవట్టిండు, బుస్సు బుస్సుమని. 'నాతోని అయితది, నాతోని అయితది' అని పెదవులు కదులుతున్నయ్. మాటల ఎంబడి ఒళ్లు ముందటికీ ఎనకకూ ఊగుతున్నది. నడినెత్తిన ఎండ. చెమటకు జుట్టంత నొసల మీదికి జారింది.

గ్రౌండు చుట్టూ ఆడోళ్లు నెత్తి మీదికి కొంగు గుంజుకున్నరు.

హైదరాబాద్‌ల చదివిన నాకు యాదికి రాని ముచ్చట ఒకటున్నది. మా దిక్కు ఎవడన్న కండ్లు మూసి, బుసగొట్టుకుంట, ఊగిండంటే, వీనికి కాన్సంట్రేషన్ కుదిరిందని ఎవ్వరూ అనరు. దేవుడొచ్చిండంటరు. శిగమూగుతుండంటరు. అండ్ల కురవి వీరన్న మీద ఆన పెట్టుకునే జనం నాలుగు దిక్కులా ఉంటిరి!

గట్టమ్మవ్వ ముందుగాల లేశింది. నా తండ్రి వచ్చిండు అని రెండు చేతులూ జోడించింది. ఆమె ఎనకాల ఆడోళ్లంత లేశిన్రు. ఎవరో పసుపునీళ్లకు ఉరికిన్రు, ఎవరో ఊదు ముట్టిచ్చిన్రు. ఈశ్వరయ్య సారు అంపైరు గద, మెడల ఈల తీశి జేబుల పెట్టుకున్నడు, బూట్లిడిసిండు. భద్రు బాల్‌ను మెల్లగ కింద పెట్టి దండం పెట్టుకుంట నిలవడ్డడు.

నేను ఉరికిన. ఇది శిగం గాదు, ఇది విజువలైజేషన్, బాల్ ఎయ్యున్రి అని మొత్తుకున్న. ఒక ముసలామె నా రెక్క పట్టి పక్కకు జరిపింది.

"ఏ పేరుతోనన్న రానియ్యి బిడ్డా. సామి సామే."

భద్రును బతిమాలిన. నీకు దండం పెడ్త, ఒక్క బాల్ ఎయ్యిరా అన్న. వీరన్న మీదికి బాల్ ఇసిరితే మా తండా ఉంటదా సార్ అన్నడు. న్యాయమే గద! బాల్ ఎయ్యకుంటే కొట్టుడు లేదు. కొట్టుడు లేకుంటే సీటు లేదు. నా కోచింగు ఎంత ఎత్తుకు పోయిందంటే, ఇగ రాజమల్లుకు బాల్ ఏసే మొగోడే జిల్లాల లేకుంటయిండు!

మా దిక్కు ఇంకొక పద్ధతున్నది. శిగమొచ్చినోన్ని ఉత్తగ పంపరు. ఏం గావాలె అని అడుగుతరు. అడిగింది ఇయ్యాలె, ఎవరూ కాదనరాదు. గట్టమ్మవ్వ మనుమని కాళ్ల మీద పసుపునీళ్లు పోశింది.

"ఏం గావాలె తండ్రీ? ఏటపోతు గావాల్నా? బోనమెత్తాల్నా? నోరు తెరిచి అడుగు, లేదనం."

రాజమల్లు ఊగుడు ఆపిండు. నేను దగ్గరనే ఉన్న గావట్టి నాకు సాఫ్ కనవడ్డది. వాడు ఒక కన్ను జర తెరిచిండు. కాళ్ల కాడ నాయినమ్మను చూశిండు. కింద పడి ఉన్న బాల్‌ను చూశిండు. గా ఎనకాల నా దిక్కు చూశిండు. మల్ల కన్ను మూసిండు.

"గా సారు నోరు బందు గావాలె."

జనమంత తిరిగి చూసిన్రు. ఏ సారో అని నేను గూడ తిరిగి చూశిన. ఈశ్వరయ్య సారు ఆలోచన గూడ చెయ్యలే, ఎనక నుంచొచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టి అదిమిండు. సుద్దముక్కల వాసన.

"అయింది తండ్రీ. ఇంకేం గావాలె?"

"బాల్. నడుమెత్తుల. మెల్లగ ఒద్దు, గట్టిగనే ఎయ్యాలె."

ఇగ భద్రు కాదంటడా? సామి నోరు తెరిచి అడిగిండు. బాల్ తీశి కండ్లకద్దుకున్నడు, మట్టి తుడిసిండు, పానంబెట్టి ఇసిరిండు. గ్రౌండంత నిశ్శబ్దం, నేనూ నిశ్శబ్దం. రాజమల్లు రెండు కండ్లూ తెరిచిండు.

ఠక్!

బాల్ పట్టాలు దాటి మిర్పచేన్ల పడ్డది. అందరికంటె ముందు ఎగిరింది భద్రే, మొక్కు ముట్టిందని. కురవి పిల్లలు బాల్ తెచ్చుడు ఇడిసిపెట్టి దండాలు పెట్టవట్టిన్రు. రాజమల్లు మొదటి బేసు దిక్కు నడిసిండు. వాని ఎనక గట్టమ్మవ్వ, ఆమె ఎనక ఆడోళ్లు, ముసలోళ్లు, ఊదు పొగ. నాలుగు బేసులూ ప్రదక్షిణం లెక్క తిరిగొచ్చిన్రు. ఎవ్వరూ సందు చూశి మలుగలే.

సెలెక్టరు సారు మంచోడే గని కాయిదాలు రాశేటోడు. కొట్టుడు కొట్టుడే, గని సామొచ్చి కొట్టిండని నేనెట్ల రాయాలె అన్నడు. జనగామల క్యాంపున్నది, ఆఖరి దినం సాయంత్రం మా బౌలరుతోని ఏపిస్త, కొడితే సీటు అక్కడికక్కడ అన్నడు. గప్పుడు నా దిక్కు మలిగిండు. పిలగానికి గింత ధైర్యం నూరిపోశింది నువ్వేనట గద, క్యాంపుల అందరికీ ఒక లెక్చర్ ఇయ్యాలె అన్నడు. నా నోటి మీద ఇంకా ఈశ్వరయ్య సారు చెయ్యున్నది. నేను గుడ్లు తిప్పిన. ఎంత అణకువో అని సారు మెచ్చుకున్నడు.

గా దినం నుంచి మానుకోటల నా నోరు నిజంగనే బందైంది. చాయ హోటల్ల నేను నోరు తెరిస్తే చాలు, పక్కోడు వీరన్న మాట సార్ అని దండం పెడ్తడు. దుకాణంల నేను రేటు చెప్పబోతే కొనేటోళ్లే చెవులు మూసుకుంటరు. మా నాయినకు మాత్రం ఎన్నేండ్ల సంది లేని సుఖమొచ్చింది. రోజూ పొద్దున లేశి కురవి దిక్కు తిరిగి మొక్కుతుండు.

బాళ్లు అల్మారి నుంచి బయటికొచ్చినయ్. పిల్లలు ఆడుకున్నరు. నేను చెట్టుకింద ఉత్తగ కూసున్న. రాజమల్లు మల్ల మునుపటి లెక్కనే కొట్టవట్టిండు. ముద్ద గూడ చల్లారకముందే తింటుండట. చూశిన్రా, నా కోచింగు ఏ తీరుగ పనిచేసిందో! దీనికి నేను 'మౌన పద్ధతి' అని పేరు పెట్టిన. జనగామ లెక్చర్‌కు గదే సబ్జెక్టు.

మల్ల నోరు బందు గద, లెక్చర్ ఎట్ల అంటరా? నేను బాగ ఆలోచించిన. వీరన్న ఆన కురవి చుట్టుపక్కల నడుస్తది. జనగామ దిక్కంత కొమురెల్లి మల్లన్న ఇలాక! ఒకరి ఇలాకల ఒకరు ఏలు పెట్టరు గద. రైలు కాజీపేట దాటంగనే నా గొంతు దానంతటదే తెరుసుకున్నది. ఎదురుంగ కూసున్న పెద్దమనిషికి బ్యాటు పట్టేటోని మనసు గురించి చెప్పుడు షురూ జేశిన. ఆయన ఘనపూర్ స్టేషన్ల దిగిపోయిండు. టికెట్ జనగామకుండె.

క్యాంపు జోరుగున్నది. రేగొండ నుంచి, ములుగు దిక్కు ఘనపూర్ నుంచి, భూపాలపల్లి నుంచి గూడ పోరగాండ్లు దిగిన్రు. షామియానా ఉన్నది. మైకున్నది. కుర్చీలున్నయ్. నాకు ఏసే పూలదండ బకిట్ల నీళ్లు సల్లి పెట్టిన్రు. బాళ్లే, ఇంత మందికి రెండు. ఇంకొన్ని తెప్పియ్యున్రి అని నేనే అడిగిన. వస్తయ్, మంజూరు కావాలె, ముందుగాల లెక్చర్ కానియ్యున్రి అన్నరు.

ఎండ వాలినంక నేను మైకు పట్టిన. మౌనం గొప్పతనం మీద మాట్లాడిన. కోచు ఎందుకు మాట్లాడొద్దో మూడు తీర్ల చెప్పిన. అర్థం కానోళ్లకోసం మల్ల మొదటిసంది చెప్పిన. ఏం స్పీచి! నాకే రోమాలు నిక్కబొడుసుకున్నయ్. రాజమల్లు ముందటి వరుసల మోకాళ్ల మీద బ్యాటు పెట్టుకొని కూసున్నడు. షామియానా గుంజకు ఒరిగి వీరస్వామన్న నిలవడ్డడు, చేతుల కొడుకు బట్టల మూట. రేపు గా మూట హాస్టల్‌కు పోవాలె, లేకుంటే ఇంటికి. పొద్దు రైలు కట్ట ఎనకకు దిగుతున్నది.

రాజమల్లు లేశి నిలవడ్డడు.

"సార్, చీకటైతే బాల్ కనవడది."

"ఇంక రెండు పాయింట్లే ఉన్నయ్ బేటా. కూసో."

వాడు కూసోలే. నాకు దండం పెట్టిండు, బ్యాటు భుజాన ఏసుకున్నడు, గ్రౌండు దిక్కు నడిసిండు. వాని ఎనక రేగొండోళ్లు లేశిన్రు. వాళ్ల ఎనక భూపాలపల్లోళ్లు. సెలెక్టరు సారు ఆకాశం చూశి, చెప్పులు ఏసుకొని ఆయన గూడ పోయిండు. కుర్చీలు, నేను, మైకు సెట్టు ఆయన మిగిలినం. వైరు సుట్టాల్నా సార్ అని ఆయన మెల్లగ అడిగిండు.

మసక ఎలుతురుల మొదటి బాల్ రాజమల్లుకు అందలే. రెండోది అందలే. గ్రౌండు అంచున వీరస్వామన్న మూటను ఎదకు గుంజుకున్నడు. నేను గిట్ల చెయ్యి, గట్ల చెయ్యి అని చెప్పుదామని నోరు తెరిచిన. మైకు చేతులనే ఉన్న ముచ్చట యాది మర్చి, అంతదూరం ఇనవడదు గద అనుకున్న. గందుకే ఏం చెప్పలే. మూడో బాల్‌కు ఠక్‌మని చప్పుడైంది. నేను మాట ఆపినంక గా మైకుల ఇనవడ్డ మొట్టమొదటి పనికొచ్చే చప్పుడు అదే.

సీటు అక్కడికక్కడ ఇచ్చిన్రు. వీరస్వామన్న వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నడు, అంత మీ దయ సారూ అన్నడు. కాదని ఎట్ల అంట? పెద్దమనిషి మనసు నొచ్చుకుంటది.

గందుకే చెప్తున్న, మీ పిల్లలకు మనసు కోచింగు ఇప్పియ్యున్రి. నన్ను పిలువున్రి, కురవి ఇలాక తప్ప యాడికన్న వస్త.

మిగిలిన రెండు పాయింట్లు ఏందని మీకుంటది. చెప్త. ఒకటి, పిల్లలకు బాళ్లు ఇయ్యాలె. రెండు, పొద్దుండంగ ఆడుకోనియ్యాలె. గివి ఇంత మంచిగున్నయ్ గద, ముందుగాలనే ఎందుకు చెప్పలే అని సెలెక్టరు సారు గూడ అడిగిండు.

ఏమన్న మాటనా గది? గవి ముందుగాలనే చెప్తే, మిగిలిన గంటన్నర ఏం మాట్లాడాలె?